ఎండ తగిలిన ఆకుపచ్చ

శనివారం మధ్యాహ్నం షారోన్ ఏ తప్పూ చెయ్యలేదు. చెయ్యాల్సిన చిన్న పని ఒకటి చెయ్యకుండా వచ్చేసింది, అంతే. ఆదివారం పొద్దున నస్పూర్ చర్చిలో తల్లి బుచ్చవ్వ పక్కన కూర్చున్నంతసేపూ ఆమె తనకు తాను చెప్పుకున్న మాట ఇదే.

కరీంనగర్‌లో యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్. కిటికీ పక్క బల్ల మీద జమున ఫ్లాస్కు. అందులో ఆకుపచ్చ రంగు, నెమ్మదిగా ఆరి పలుకులు కట్టడానికి పెట్టింది. వెలుతురు తగిలితే ఆ రంగు పాడైపోతుంది. అందుకే ఆ ల్యాబ్ కిటికీలన్నిటికీ నల్లటి పరదాలు, ప్రతి సీసా చుట్టూ సిల్వర్ ఫాయిల్. మంథని బస్సు వెళ్లిపోతుందన్న తొందరలో జమున ఫాయిల్ చుట్టడం మరిచిపోయింది, పరదా కూడా సగమే లాగింది. అందరికన్నా చివర బయటికి వచ్చిన షారోన్ అది చూసింది. ఫాయిల్ పక్కనే ఉంది. చుట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె చుట్టలేదు. తాళం వేసి, తాళంచెవి బ్యాగులో పడేసుకుని మంచిర్యాల బస్సెక్కింది.

అది మామూలు రంగు కాదు. శరీరంలోకి ఎక్కిస్తే పోయి క్యాన్సర్ కంతిలో చేరుతుంది. పైనుంచి ఎర్రటి వెలుతురు వేస్తే, ఆ వెలుతురు పడిన చోట మాత్రమే, చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను రెచ్చగొట్టి కంతిని చంపుతుంది. అలాంటి రంగు కోసం షారోన్ ఐదేళ్లుగా కష్టపడుతోంది. ఆమె చేసిన రంగు చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది కానీ పరీక్షలో క్యాన్సర్ కణాలు చావలేదు. రెండేళ్ల కిందట వచ్చి, రంగును శుద్ధి చెయ్యడానికి గాజుగొట్టంలో సిలికా ఎలా నింపాలో షారోన్ దగ్గరే నేర్చుకున్న జమున రంగుకు మాత్రం చచ్చాయి. ఎలుకల మీద పరీక్షకు ఈ వారమే దాన్ని హైదరాబాద్ పంపాలని వాళ్ల గైడ్ శ్యాంసుందర్ సార్ నిర్ణయించారు. ఆ మాట చెప్పేటప్పుడు సార్ గొంతులో వినిపించిన ఆనందం షారోన్‌కు ఐదేళ్లలో ఒక్కసారి కూడా దక్కలేదు.

పాస్టరు గారు దీవెన చెప్పారు. తల్లీకూతుళ్లు ఇంటికి నడిచి వచ్చారు. గడప ముందు నీలం పట్టీల చెప్పులు ఉన్నాయి.

షారోన్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ల్యాబ్ గుమ్మం బయట రోజూ చూసే చెప్పులే అవి.

"జమున వచ్చినట్టున్నది," అంది బుచ్చవ్వ సంతోషంగా. "మీ బాపు నిన్ననే ఫోన్ జేసి పిలిచిండు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. లోపల తండ్రి సాల్మన్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన మనిషి. బుగ్గలో క్యాన్సర్ వస్తే హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి దవడ కొంత తీసేశారు. ముఖం ఒక పక్కకు లాగినట్టుంటుంది. మాట ముద్దగా వస్తుంది. పరాయివాళ్ల ముందు తువ్వాలు అడ్డం పెట్టుకుని గానీ మాట్లాడడు. ఇప్పుడు తువ్వాలు భుజం మీద ఉంది. జమున కింద చాప మీద కూర్చుని ఆయనకు ఫోన్‌లో ఏదో చూపిస్తోంది.

"అక్కా! మంథనిల పెండ్లి అయిపోయింది. బాపు రమ్మన్నడని గిట్ల వచ్చిన," అంది జమున నవ్వుతూ.

బాపు. మా బాపు, అనుకుంది షారోన్. వేసవిలో తండ్రి చెకప్ కోసం కరీంనగర్ వచ్చినప్పుడు ఆమె మధ్యలో వదలడానికి వీల్లేని పనిలో ఇరుక్కుంది. నేను తీసుకపోత అక్కా అని జమునే ఆయనను దవాఖానకు తీసుకెళ్లింది. అప్పటినుంచీ సాల్మన్ జమునకు ఫోన్లు చేస్తున్నాడు. ఏం మాట్లాడుకుంటారో షారోన్ ఎప్పుడూ అడగలేదు. అడిగితే తన కడుపులో ఉన్నది బయటపడుతుందని భయం.

బుచ్చవ్వ బగారా అన్నం, మటన్ కూర వడ్డించింది. సాల్మన్‌కు గిన్నెలో జావ. ఆయన జావ తాగడం మరిచి ఫోన్ పట్టుకుని చూస్తున్నాడు.

"గిదేనా బిడ్డా, మందు?"

"గిదే బాపు. మామూలుగ పచ్చగుంటది. లైటు కొడితె సూడు, ఎట్ల ఎర్రగ మెరుస్తుందో. గీ ఫోటోల ఉన్నయి క్యాన్సర్ కణాలు. గీ పక్క లైటు వడ్డది, అన్ని సచ్చినయ్. గా పక్క వడలే, అట్లనే ఉన్నయ్."

"అబ్బ!" అన్నాడు సాల్మన్. ఆయన కళ్లు మెరిశాయి. ఆపరేషన్ తర్వాత తండ్రి కళ్లలో అలాంటి మెరుపు షారోన్ చూడలేదు. 

"మరి మా షారోన్‌ది గూడ గిట్లనే సంపుతది గద?"

జమున షారోన్ వైపు చూసింది. షారోన్ పళ్లెంలోకి చూస్తోంది.

"అక్క చెప్పలేదా బాపు?"

"ఏం జెప్పలే."

జమున కొంచెం తటపటాయించింది. అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. "అక్కది క్యాన్సర్‌కు పనిజెయ్యలే బాపు. ఆకుల పనికి మంచిగుంటది. చెట్టు ఎండతోని అన్నం ఎట్ల వండుకుంటదో తెలుసుకుంటరు సూడు, అగో దానికి. గది గూడ పెద్ద పనే."

సాల్మన్ ఫోన్‌ను మంచం మీద పెట్టాడు. కూతురి వైపు చూడకుండా జావ గిన్నె అందుకున్నాడు. ఆ చూడకపోవడం షారోన్‌కు చెంపదెబ్బలా తగిలింది. పోయిన క్రిస్మస్‌కు, "నేను చేసే మందు నీకోసమే బాపు" అని ఆమే చెప్పింది. ఆ మాట పట్టుకుని ఆయన చర్చిలో అందరి ముందూ లేచి, వంకర నోటితోనే సాక్ష్యం చెప్పాడు. నా బిడ్డ నా రోగానికి మందు కనిపెడుతోంది, దేవునికి స్తోత్రం అని. అప్పటికే తన రంగు పనిచెయ్యలేదని ఆమెకు తెలుసు. లేచి కాదని చెప్పలేకపోయింది.

"పోనీ తియ్," అన్నాడు సాల్మన్ చివరికి, వాతావరణాన్ని తేలిక చెయ్యాలని. "ఎవ్వరు జేస్తేంది? మందు రావాలె గని. జమున గూడ నా బిడ్డనే."

షారోన్ తలెత్తింది.

"నీ బిడ్డ చేసిన మందు నిన్నటి సంది ఎండల వడి ఉన్నది బాపు."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు. బుచ్చవ్వ చేతిలో గరిటె ఆగింది.

"ఏందక్కా?" అంది జమున.

"ఫాయిల్ చుట్టలే నువ్వు. పర్దా గూడ సగమే ఏసినవ్. మధ్యాహ్నం కాంగనే ఎండ సీదా ఆ బల్ల మీదనే వడుతది."

"నీకెట్ల ఎరుక?"

"తాళమేసేటప్పుడు జూసిన."

"జూసి?"

షారోన్ పళ్లెం పక్కకు జరిపింది.

"జూసి ఏం జేసినవక్కా?"

ఏమీ చెయ్యలేదన్నట్టు షారోన్ తల అడ్డంగా ఊపింది. జమున అన్నం చేతితోనే లేచి నిలబడింది.  బుచ్చవ్వ, "యేసయ్యా" అని గోడకు ఆనుకుంది.

సాల్మన్ కేకలు వెయ్యలేదు. ఆయనకు కేకలు వేసే నోరు లేదు. చాలాసేపు కూతురినే చూసి నెమ్మదిగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ అడిగాడు.

"నీకు ఎవ్వరి మీద కోపం బిడ్డా? ఆ పిల్ల మీదనా, నా మీదనా?"

షారోన్ లేచింది. చెయ్యి కడుక్కుని బ్యాగు తీసుకుంది. జమున అప్పటికే చెప్పులు వేసుకుని రోడ్డు మీద ఆటో ఆపుతోంది.

*

మంచిర్యాల నుంచి కరీంనగర్ బస్సులో ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు. జమున ముందు, షారోన్ వెనక. బస్సు గోదావరి బ్రిడ్జి దాటుతుండగా జమున ఫోన్ చేసింది. ఇంకో తాళంచెవి శ్యాంసుందర్ సార్ దగ్గర ఉంటుంది. సార్ సొంత ఊరు ఇచ్చోడకు వెళ్లారు. ఫోన్ ఎత్తలేదు. జమున మెసేజ్ టైపు చేస్తోంది. ఏం రాస్తోందో వెనక నుంచి కనిపించడం లేదు. తన పేరు రాస్తోందా? రాస్తే రాయనీ, అనుకుంది షారోన్. అలా అనుకున్న కాసేపటికే మెడ సాచి చూడబోయి, సిగ్గుపడి కిటికీ వైపు తిరిగింది.

తప్పు చేసినదానిలా ఏడవాలని ప్రయత్నించింది. ఏడుపు రాలేదు. ఆమె కళ్ల ముందు తండ్రి ఫోన్ పట్టుకుని "అబ్బ!" అన్న ముఖమే తిరుగుతోంది. ఐదేళ్లు ఆ ఒక్క ముఖం కోసమే కదా చీకటి గదిలో చేతులు రంగులు చేసుకుంది. ఆ ముఖం తన పళ్లెం పక్కనుంచి దాటిపోయి ఇంకొకరి ఫోన్ ముందు వెలిగింది. ఇంత జరిగాక కూడా, ముందు సీటులో ఒంటరిగా కూర్చున్న జమునను చూస్తే జాలి కలగడం లేదు. ఆ సంగతి తెలిసి తనమీద తనకే భయం వేసింది.

ల్యాబ్ తలుపు తీసేసరికి పొద్దు పడమటికి వాలింది. సగం పరదా సందులోంచి ఎండ బల్ల మీద చాపలా పరుచుకుని ఉంది. ఆ ఎండలో ఫ్లాస్కు.

లోపల ఆకుపచ్చ లేదు. నానబెట్టిన మెంతుల నీళ్లలాంటి పసుపు ఉంది.

జమున పరదా లాగింది. టార్చిలైటు తీసి ఫ్లాస్కు మీద వేసింది. ఎర్రటి మెరుపు రావాలి. రాలేదు. ఫ్లాస్కును ఒకసారి తిప్పి మళ్లీ వేసింది. అయినా రాలేదు.

"ఒక్క ఫోన్ జేస్తె అయిపోతుండె," అంది జమున. గొంతు కీచుగా ఉంది. "జమునా, ఫాయిల్ మరిచినవ్ అని ఒక్క మాట. పోనీ నువ్వే కప్పి, సోమవారం నాడు నలుగురి ముంగట నన్ను తిట్టు. పడేదాన్ని. గిదేంది అక్కా?"

"తెల్వది."

"తెల్వదంటె?"

"నిన్ను జూస్తె నాకు మండుతది," అంది షారోన్. అంత సూటిగా అంటుందని తనే అనుకోలేదు. "నువ్వు నవ్వితె మండుతది. సార్ నీ పేరు వట్టి పిలిస్తె మండుతది. గొట్టంల సిలికా నింపుడు నేర్పింది నేను. నా దగ్గర నేర్చుకొని నా ముంగటికెల్లి పోయినవ్. ఇయ్యాల మా ఇంట్ల, మా బాపు ముంగట, నా పని ఎందుకు పనికిరాదని జెప్పినవ్."

"అబద్ధం జెప్పమంటవా?"

"నువ్వు చెప్పకున్నా అయితుండె."

జమున ఫ్లాస్కును బల్ల మీద పెట్టింది. 

"అయితే ఇంకొకటి గూడ ఇను. నా రంగు మీద జర్నల్‌కు రాసిన పేపర్‌ల నీ పేరు ఎందుకు లేదనుకున్నవ్? సార్ పెట్టిండు. నేనే వద్దన్న."

షారోన్‌కు ఒక్కసారి చెవులు మూసుకుపోయినట్టు అయింది.

"అవ్, నేనే," అంది జమున. ఇప్పుడు ఆమె ఏడుస్తోంది, కోపంగా, ముక్కు తుడుచుకుంటూ. "ఈ ల్యాబ్‌ల నేను ఏం జేసినా ఒక్కటే మాట. షారోన్ నేర్పిందట, జమున జేసిందట. నీ చేతులను జూసి అందరు మెచ్చుకుంటరు. నువ్వు తీసిన రంగుల మచ్చ ఉండదు అంటరు. సార్ నా శాంపిల్ గూడ షారోన్‌కు సూపెట్టు అని పంపుతడు. ఒక్క పేపరన్న నా ఒక్కదాని పేరు మీద ఉండాలె అనుకున్న. గది తప్పే. నాకెరుకనే."

షారోన్ స్టూలు లాక్కుని కూర్చుంది. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ కోపం కింద ఇంకొకటి, పేరు పెట్టలేనిది కదిలింది. తను వెనకబడిపోయానని కుమిలిపోయిన ఇన్నాళ్లూ ముందున్న మనిషి వెనక్కి తిరిగి తిరిగి తననే చూస్తోందన్నమాట. ఆ ఆలోచన తీపిగా ఉంది. తీపిగా ఉన్నందుకు అసహ్యంగానూ ఉంది.

 జమున కళ్లు గోడ అలమర వైపు పోయి, వెంటనే పక్కకు తిరిగాయి.

షారోన్ ఆ చూపు పట్టుకుంది. అలమరలో ఆమె సీసా ఉంది. ఊదా రంగు పలుకులు. ఏ ఆకుపచ్చ చెయ్యాలన్నా ముందు ఆ ఊదా పలుకులు కావాలి. జమున తనవన్నీ ఈ ఫ్లాస్కులోనే వాడేసింది. కొత్తగా చెయ్యాలంటే నెల పడుతుంది. హైదరాబాద్ వాళ్లు అంతవరకు ఆగరు. సీసాలో ఉన్నవి షారోన్ తన థీసిస్ చివరి భాగం కోసం దాచుకున్నవి. అవి అయిపోతే ఆమె రంగు మళ్లీ చెయ్యడానికి ఏమీ మిగలదు.

"అడగరాదు మరి," అంది షారోన్.

"నేనడగలే."

"నువ్వెప్పుడు అడిగినవ్? మా బాపును గూడ అడగకుండనే తీసుకున్నవ్."

జమున ఆమెను వింతగా చూసింది.

"మీ బాపు నాకెందుకు ఫోన్ జేస్తడు అనుకున్నవ్ అక్కా? నా మీద ప్రేమనా? ప్రతిసారి ఒక్కటే ముచ్చట. మా షారోన్ తిన్నదా, నిద్ర వోతుందా, జర సూసుకో బిడ్డా అని. నీకు జేస్తె పనిల ఉన్న బాపు అని పెట్టేస్తవట. ఆయన మాట నీకు సమజ్ కాక రెండు సార్లు, మూడు సార్లు అడుగుతవట. గందుకని సిగ్గువడి నాకు జేస్తడు."

షారోన్ లేచి వాష్‌బేసిన్ దగ్గరికి పోయి కుళాయి తిప్పింది. నీళ్ల కింద చేతులు పెట్టుకుని అలాగే నిలబడింది. నిజమే. ఏంది బాపు, మళ్ల చెప్పు అని విసుక్కునేది. ఆ వైపు ఆయన ఆగిపోయేవాడు. సరే బిడ్డా, పని జూసుకో అనేవాడు. ఆమె వెంటనే పెట్టేసేది.

చేతులు తుడుచుకుని అలమర తెరిచింది. సీసా తీసి తూకం దగ్గర పెట్టింది.

"లైట్లు బంద్ జెయ్యి. ఫాయిల్ తే. ఈసారి నేనే చుడుత."

"అక్కా, నీ థీసిస్..."

"మాట్లాడకు. మాట్లాడితె మనసు మారుతది."

ఆమె మంచిదైపోలేదు. మసక వెలుతురులో పక్కన నిలబడిన జమున ఊపిరి వినిపిస్తుంటే ఒళ్లు ఇప్పటికీ చిరచిరలాడుతోంది. ఈ పిల్లకు మళ్లీ నేనే చేసి ఇస్తున్నాను, పేరు మళ్లీ దీనికే పోతుంది అని లోపల ఎవరో గొణుగుతూనే ఉన్నారు. గొణగనీ. చేతులు మాత్రం ఆగలేదు. పలుకులు తూచింది. సీసాను కొనవేలితో తట్టి అడుగున అంటుకున్న పొడి కూడా దులిపింది. ద్రావణం కలిపింది. లోపలికి గాలి చేరకుండా జమున నత్రజని గొట్టం తగిలించింది. ఎవరు ఏం చెయ్యాలో ఒకరికొకరు చెప్పుకోవాల్సిన అవసరం రాలేదు. ఊదా రంగు కలియతిరుగుతూ కలియతిరుగుతూ, అంచుల దగ్గర, మెల్లగా, ఆకుపచ్చకు తిరిగింది.

"వస్తుందక్కా," అంది జమున గుసగుసగా.

"ఆఁ."

అప్పుడే తలుపు తెరుచుకుంది.

శ్యాంసుందర్ సార్ బయట చెప్పులు విప్పడం కూడా మరిచి లోపలికి వచ్చారు. చొక్కా నలిగిపోయి ఉంది. ఇచ్చోడ నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చినట్టున్నారు. పసుపు ఫ్లాస్కును చూశారు, ఇద్దరినీ చూశారు.

"ఏమైంది?"

"సార్, నేనే," అంది జమున. "ఫాయిల్ చుట్టుడు మరిచి..."

"ఆమె మరిచింది సార్," అంది షారోన్. "నేను జూసిన. చూసి గూడ కప్పలే. మరిచి కాదు, కావాలనే. మీరు ఏం చేసినా సరే సార్."

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన తిడతారని ఆమె ఎదురుచూసింది. ఆయన చూపు తూకం పక్కనున్న సీసా మీద పడింది. చేతిలోకి తీసుకుని మసక వెలుతురులో ఎత్తి పట్టి చూశారు.

"ఇది నీ సీసా కదా షారోన్?"

"అవును సార్. మళ్లొకసారి జమున రంగు చేస్తున్నం."

"ఇందులది మొత్తం వాడినవా?" ఆయన గొంతు మారింది. "కొంచెం గూడ మిగలలేదా?"

"లేదు సార్."

సార్ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డారు.

"అరె, ఒక్క గంట ఆగకపోతివి," అన్నారు. "పోయిన నెల నీ రంగు కొంచెం బయటికి పంపిన. మన దగ్గర కాకుండ ఇంకొక చోట పరీక్ష చెయ్యమని. వట్టిగ నీకు ఆశ పెట్టుడెందుకని చెప్పలే. పొద్దున జవాబు వచ్చింది. గా జవాబే చదువుకుంట పొద్దంత జమున ఫోన్ గూడ చూసుకోలే."

"ఏమొచ్చింది సార్?"

"కణాలు చచ్చినయ్ షారోన్. జమునది ఆగిపోయే చోట గూడ, కంతి లోపల ఆక్సిజన్ అందని చోట గూడ, నీది చంపింది. రెండు సార్లు చేసి చూసిన్రట." ఆయన ఖాళీ సీసాను బల్ల మీద పెట్టారు. "మన దగ్గర మాత్రం ఒక్క కణం చావలేదని రాసి ఉన్నది. మన దగ్గర కణాల మీద నీ రంగు పరీక్ష చేసింది ఎవరు?"

 కణాల పరీక్షలన్నీ చేసేది ఒక్కరే, ఆ సంగతి సార్‌కూ తెలుసు.

షారోన్ నెమ్మదిగా జమున వైపు తిరిగింది. మసక వెలుతురులో జమున ఫ్లాస్కును రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. తల ఎత్తడం లేదు.